మూడో గేమ్ దాకా ఓపికుండాలంటే...

రాత్రి ఎనిమిదింపావు. తిరుపతిలోని శ్రీ శ్రీనివాస క్రీడా సముదాయంలో బ్యాడ్మింటన్ ముగించుకుని పదమూడేళ్ల అమ్మాయి ఇంటికొచ్చింది. ఎస్వీ యూనివర్సిటీ తారకరామ స్టేడియంలో పరుగులు తీసి తమ్ముడూ వచ్చాడు. ఆఫీసు నుంచి నేరుగా వెళ్లి ఇద్దర్నీ స్కూటీ మీద తెచ్చిన అమ్మ, దారిలో కట్టించుకున్న పొట్లం విప్పింది. పరోటా, సేర్వా. ఆ వారంలో అది మూడోసారి. అబ్బాయి తిన్నాడు. అమ్మాయి రెండు ముక్కలు తుంచి, కంచం ముందే నిద్రపోయింది.

అంతకు నాలుగు రోజుల ముందే ఓ టోర్నీలో ఆ పిల్ల ఓడిపోయింది. మొదటి గేమ్ గెలిచింది. రెండోది పోయింది. మూడో గేమ్‌లో కాళ్లు కదల్లేదు. కోచ్ ఆట గురించి ఏమీ అనలేదు. ఒక్కటే అడిగాడు... ‘రాత్రిపూట ఏం తింటున్నావమ్మా?’ అని.

ఆ ప్రశ్న పిల్లకు కాదు, తనకే తగిలిందనుకుంది అమ్మ. పొద్దున అయిదింటికి లేస్తుంది. మూడు క్యారియర్లు కడుతుంది. తొమ్మిదిన్నరకల్లా ఆఫీసులో ఉంటుంది. ఇంకెక్కడ వండేది? నాన్న తేలికైన దారే చెప్పాడు. ‘వాడి పరుగు సరే. అమ్మాయి తొమ్మిదికి వస్తోంది కదా, ఈ ఏడాది ఆట మాన్పిస్తే పోలా?’

చాలా ఇళ్లల్లో ఇక్కడే ఆగిపోతుంది ఆడపిల్ల ఆట. టాలెంటు లేక కాదు, రాత్రి ఎనిమిదిన్నరకి కంచంలో ఏం పెట్టాలో తేలక.

అవ్వ పంచాయితీ

ఈ ఇంట్లో మాత్రం ఆ మాటకి అడ్డు తగిలింది అవ్వే. పలమనేరు వైపు పల్లె ఆవిడది. ‘బిడ్డ ఆట మాన్పించేదెందుకురా? పొయ్యి కాడ పద్ధతి మార్చుకోండి. మేము కలుపు తీసి పొద్దుగుంకినాక ఇంటికొచ్చి, అరగంటలో సంగటి కెలికి అందరికీ పెట్టలేదా?’ అంది కొడుకుతో.

నిజానికి చిత్తూరు సీమ వంటంతా పొలంలో ఒళ్లొంచి వచ్చినవాళ్ల కోసం పుట్టిందే. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. తెల్లబియ్యంలో అది పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ. ఎముకలు ఎదిగే వయసులో గంటన్నరసేపు ఎగిరి దూకే పిల్లలకు ఈ తేడా చిన్నది కాదు. అయితే రాగుల్లో ప్రొటీన్ ఏడు గ్రాములే. ఆ లోటు పూడ్చడానికే కాబోలు, మన పెద్దవాళ్లు సంగటిని ఒంటరిగా వదల్లేదు. పక్కన ఊరుబిండో, పప్పో, కోడికూరో పెట్టారు. వంద గ్రాముల శెనక్కాయ పప్పుల్లో పాతిక గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. డబ్బాలో అమ్మే ప్రొటీన్ పొడి కొందామా అని ఈ ఇంట్లోనూ ఓసారి చర్చ వచ్చింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు, కండ పెరగడానికి అలాంటి పొడుల జోలికి పోవద్దనే చెప్పాయి. ఆ చర్చ అంతటితో సరి.

సగం పని పొద్దున్నే

రాత్రి వంటను రాత్రి మొదలుపెట్టకూడదు... అవ్వ పెట్టిన మొదటి నియమం ఇదే. ఆదివారం అరకిలో శెనక్కాయలు వేయించి పొట్టు తీసి డబ్బాలో పోస్తారు. అందులోంచి గుప్పెడు తీసి ఎండుమిర్చి, చింతపండు, ఉప్పు, వెల్లుల్లి కలిపి మిక్సీలో తిప్పితే అయిదు నిమిషాల్లో ఊరుబిండి సిద్ధం. పొద్దున క్యారియర్ల కోసం ఎలాగూ కుక్కర్ పెడతారు. అందులోనే రాత్రికీ కందిపప్పు ఉడుకుతుంది. చల్లారాక ఫ్రిజ్‌లోకి వెళ్తుంది. రాత్రికి ఆకుకూర, టమాటా వేసి తాలింపు పెట్టడమే మిగులుతుంది. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే టమాటాయో నిమ్మరసమో తోడుండాలి. మదనపల్లె టమాటాకు పేరుమోసిన సీమలో దానికేం కొదవ?

సంగటికీ పెద్ద హంగామా అక్కర్లేదు. గ్లాసు బియ్యానికి అయిదు గ్లాసుల నీళ్లు పోసి మెత్తగా ఉడకనివ్వాలి. పైన గ్లాసున్నర రాగిపిండి కుప్పగా పోసి, మూతపెట్టి, సన్నటి సెగమీద అయిదారు నిమిషాలు మగ్గనివ్వాలి. ఆ తర్వాత ఉండలు లేకుండా తెడ్డుతో కెలకాలి. పొద్దుటి అన్నం ఫ్రిజ్‌లో ఉంటే నీళ్లు పోసి ఉడికిస్తే సరి, ఇంకా త్వరగా అవుతుంది.

రోజూ సంగటంటే పిల్లలు పారిపోతారు. అందుకే సోమవారం సంగటి, ఆకుకూర పప్పు. మంగళవారం పెసరట్టు. పెసలు ముందురోజు రాత్రే నానతాయి, పొద్దున్నే రుబ్బు ఫ్రిజ్‌లో చేరుతుంది. బుధవారం చపాతీ, కోడిగుడ్డు పొరటు. గురువారం అన్నంలోకి అలసందల పులుసు, చలికాలమైతే పితికిపప్పు. అనపగింజలు నానబెట్టి పితికే పని మాత్రం ముందురోజు టీవీ ముందు కూర్చుని అందరూ చెయ్యాల్సిందే. శుక్రవారం శెనక్కాయలు దండిగా వేసిన నిమ్మకాయ పులిహోర, పెరుగు, కీరదోస ముక్కలు. శనివారం అవ్వకి ఒక్కపొద్దు, ఆటకి సెలవు. ఆ రోజు పిల్లలు అడిగిందే వంట.

ఆటకి గంట ముందు అరటిపండో, ఉలవగుగ్గిళ్లో, బొరుగుల ఉండో పడాలి. అది కూడా క్యారియర్‌తోపాటే బ్యాగులోకి వెళ్తుంది. ఖాళీ కడుపుతో ఆడితే, ఇంటికొచ్చాక ఆకలి ముదిరి పరోటా తప్ప ఇంకేం కనిపించదు మరి!

తెడ్డు ఎవరి చేతిలో?

ఇన్ని చెప్పినా అసలు మార్పు వంటకాల్లో రాలేదు, వంటగదిలో వచ్చింది. ఆ పిల్లలకు అమ్మ ఒక్కతే. ఆమెకు చేతులు రెండే. ఏడింటికి ఇల్లు చేరే నాన్న ఇప్పుడు ఎసరు పెడుతున్నాడు. మొదటి వారం సంగటి ఉండలు కట్టింది. ‘రాళ్లు పెట్టినావు గదరా’ అని అవ్వ నవ్వింది. రెండోవారానికి చెయ్యి కుదిరింది. అబ్బాయి గుడ్లు ఒలుస్తాడు, కంచాలు పెడతాడు. స్కూటీ ఇంటి ముందు ఆగేసరికి తాలింపు వాసన వీధిలోకి వస్తోంది. ఎనిమిదిన్నరకి అయిదుగురూ ఒకేచోట కూర్చుంటున్నారు.

పరోటా మీద మోజు పోలేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం గెలిచేదాకా పీవీ సింధును ఐస్‌క్రీమ్‌కి దూరంగా ఉంచానని కోచ్ గోపీచంద్ చెప్పిన సంగతి అమ్మ గుర్తుచేస్తే, ‘ఒలింపిక్స్‌కి వెళ్లినప్పుడు నేనూ మానేస్తాలే’ అంది కూతురు. అందుకే నెలకోసారి పరోటా ఉంటుంది. అందరూ కలిసి వెళ్లి తింటారు.

మొన్న మరో టోర్నీ. మళ్లీ మూడో గేమ్ దాకా వెళ్లింది. మళ్లీ ఓడింది. కానీ ఈసారి చివరి పాయింటు దాకా కాళ్లు కదులుతూనే ఉన్నాయి. ఇంటికొచ్చి, బ్యాగు మూలన పడేసి, ఏడవలేదు.

‘అవ్వా, ఆకలేస్తాండాది. ఈ రోజు సంగటేనా?’ అంది.