పచ్చనివన్నీ ఒకటే కాదు

నాకు రెండో సంసారం ఉందని మా ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్తూ ఉంటుంది. ఆ సంసారం పేరు మజ్దా మియాటా. 2001 మోడల్, రెండే సీట్లు, టాపు వెనక్కి మడిచేసుకోవచ్చు. లాస్ ఏంజిలెస్ దగ్గర 2021లో సెకండ్‌హాండ్‌లో కొన్నాను. అప్పటికే ఇద్దరు యజమానుల చేతులు మారింది. వాళ్ళు ఏం మార్చారో, ఎప్పుడు మార్చారో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. కామెంట్లు లేని పాత కోడ్ చేతికొచ్చినట్టే అన్నమాట.

2022 ఏప్రిల్‌లో బానెట్ ఎత్తి చూస్తే కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గింది. ఉన్నదేమో పచ్చగా ఉంది. దుకాణానికెళ్ళి "అన్ని కార్లకీ, అన్ని రంగులకీ" అని రాసున్న పసుపుపచ్చ డబ్బా ఒకటి తెచ్చి పోసేశాను. రెండు వారాల తర్వాత చూస్తే లోపల చెరువు నీళ్ళ రంగు. అనుమానమొచ్చి ఒక షాపుకి తీసుకెళ్తే, అతను ఒక చుక్క పరికరంలో వేసి చూసి, "మైనస్ 34 ఫారెన్‌హీట్ దాకా గడ్డకట్టదు, భేషుగ్గా ఉంది, వెళ్ళిరా" అన్నాడు. నేనూ సంతోషంగా వచ్చేశాను. సోమరిపోతుకి కావలసింది అలాంటి మాటే కదా!

ఆ జూన్‌లో నాన్న కర్నూలు నించి వచ్చారు. ఆయనకి 74 ఏళ్ళు, బీపీ మాత్రలు. "ఒరేయ్, ఈ బొమ్మ కారులో ఒకసారి దూరం తీసుకెళ్ళు" అన్నారు. వేగాస్ బయల్దేరాం. దారిలో బేకర్ అనే చిన్న ఊళ్ళో 134 అడుగుల ఎత్తు థర్మామీటర్ ఉంటుంది. పక్కనున్న డెత్ వ్యాలీలో 1913లో నమోదైన 134 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి గుర్తుగా కట్టారు. మేం వెళ్ళిన రోజు 108. బేకర్ దగ్గర ఎత్తు వెయ్యి అడుగుల లోపే. అక్కణ్ణించి హల్లోరన్ సమ్మిట్ దాకా, అంటే దాదాపు నాలుగు వేల అడుగులకి, ఒకటే ఎక్కుడు. ఇంజన్ వేడెక్కుతుంది, ఏసీ ఆపుకోండని బోర్డులు కూడా పెట్టారు. నేను ఆపలేదు.

సగం ఎక్కాక సూది కదిలింది. ఈ కారులో సూది మొహమాటస్తుడు. వేడి ఎంత పెరిగినా చాలాసేపు మధ్యలోనే నిలబడి నవ్వుతూ ఉంటుంది. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఈ ఇంజన్‌కి కింద పోత ఇనుము బ్లాకు, పైన అల్యూమినియం హెడ్డు. బాగా కాగితే హెడ్డు వంకరపోతుంది, అక్కడితో ఇంజన్ కథ కంచికే. నాకు చెమటలు పట్టాయి. నాన్న మాత్రం నింపాదిగా, "ఏసీ ఆపి హీటరు ఫుల్లుగా పెట్టు" అన్నారు. ఆ ఎండలో హీటరా! కానీ ఆయన చెప్పింది నిజం. హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజన్ వేడిని మన మొహాన కొడుతుంది. సూది మెల్లగా దిగింది. పెద్దాయన మొహం కందిపోయింది. సమ్మిట్ దగ్గర కారాపి ఆయన్ని నీడలో కూర్చోబెట్టి నీళ్ళు తాగించేదాకా నా ప్రాణం నాది కాదు.

నేను మూత తియ్యబోతే ఆయన కోప్పడ్డారు. 1980ల్లో మాకు అంబాసిడర్ ఉండేది. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే ప్రతిసారీ పొగలు. వెనక సీటు కింద ఎప్పుడూ నీళ్ళ క్యాను. ఒకసారి డ్రైవరు తొందరపడి మూత తిప్పితే మోచేతి దాకా కాలింది. అప్పట్లో మేం పోసింది మా బోరు నీళ్ళే. గిన్నెల్లో సున్నం పేరుకున్నట్టే రేడియేటర్లోనూ పేరుకునేది. అది తెలిసిన మనిషి కొడుకుని నేను.

ఇంటికొచ్చాక అప్పుడు చదివాను. ముందే చదవాల్సింది. కూలెంట్‌లో ఎక్కువ భాగం గ్లైకాల్, నీళ్ళు. అది అన్నిట్లోనూ దాదాపు ఒకటే. తేడా అంతా తుప్పు పట్టకుండా కలిపే మందుల్లో ఉంది. పాతకాలం పచ్చ రకంలో సిలికేట్లు, ఫాస్ఫేట్ల లాంటివి వాడేవారు. అవి లోహం మీద గబగబా పొర కడతాయి, కానీ రెండు మూడేళ్ళలో ఖర్చైపోతాయి. 1990ల మధ్యలో జనరల్ మోటార్స్ తెచ్చిన నారింజరంగు డెక్స్‌కూల్ లాంటివి సేంద్రియ ఆమ్లాల రకం. మెల్లగా పనిచేస్తాయి, ఐదేళ్ళు నిలుస్తాయి. తర్వాత రెండూ కలిసిన సంకరజాతులు వచ్చాయి. నీళ్ళలో సున్నం ఎక్కువని యూరప్ వాళ్ళు ఫాస్ఫేట్ వద్దంటారు. వాటర్ పంపు సీలు అరుగుతుందని జపాన్ వాళ్ళు సిలికేట్ వద్దంటారు. రంగు మాత్రం ఎవరిష్టం వాళ్ళది, దానికో ప్రమాణమంటూ లేదు. మజ్దా వాళ్ళ కొత్త ఎఫ్ఎల్22 కూడా పచ్చరంగే, కానీ పాత పచ్చ రకానికీ దానికీ సంబంధం లేదు. తెల్లనివన్నీ పాలు కానట్టే ఇదీ.

మరి కలిపితే ఏమవుతుంది? పేలిపోదు. కొన్ని జతలు కలిస్తే జిగురులా విరిగే ప్రమాదం ఉంది గానీ, మామూలుగా జరిగేది ఇంకా చప్పటి సంగతి: రెండు మందులూ పలచబడి ఏదీ పూర్తి మోతాదులో ఉండదు. ఐదేళ్ళ సరుకు రెండేళ్ళదైపోతుంది. ఆ షాపతను చూసింది గ్లైకాల్ పాళ్ళే. మందు మిగిలిందో లేదో ఆ పరికరానికి తెలీదు. ఆమ్లగుణం చూసే కాగితం పట్టీ ముంచి ఉంటే కొంత తెలిసేది. పాతబడేకొద్దీ గ్లైకాల్ విరిగి పులుస్తుంది, లోహాన్ని తింటుంది.

నా కారు కాగడానికి కారణం నేను చేసిన కల్తీయేనా అంటే, కాదు. రెండు నెలల్లో అంత జరగదు. రేడియేటర్ విప్పితే సగం గొట్టాలు తుప్పు బురదతో పూడుకుపోయి ఉన్నాయి, అది ఏళ్ళ తరబడి సాగిన నిర్లక్ష్యం. పై ప్లాస్టిక్ తొట్టి నలుపు పోయి గోధుమరంగుకి తిరిగింది, పగలడానికి సిద్ధం. కానీ నేను పోసిన డబ్బా ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ చెరిపేసింది. రంగు మారితే "నేను పోసిందే కదా" అని సరిపెట్టుకున్నాను. కలపడంలో అసలు నష్టం నా దృష్టిలో అదే.

కొత్త రేడియేటర్ వేసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగుసార్లు కడిగాను. ఇక్కడొక కిటుకు. కడిగిన నీళ్ళు కొన్ని బ్లాకులోనే ఉండిపోతాయి. అందుకని సగం సగం కలిపి అమ్మే డబ్బా పోస్తే పలచనైపోతుంది. నా కారుకి పట్టేది ఆరు లీటర్లు. ముందు చిక్కటిది మూడు లీటర్లు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపాను. పాతది కాలవలో పారబొయ్యకండి. తియ్యగా ఉంటుంది, విషం, కుక్కలు నాకితే చచ్చిపోతాయి. నేను ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రంలో ఇచ్చొచ్చాను.

ఇప్పుడు నా పద్ధతి ఇది. చరిత్ర తెలిస్తే, రకం తెలిస్తే, కారు పుస్తకం చెప్పిన గడువు పాటించడం. దారిలో మట్టం తగ్గితే తెలియని కూలెంట్ కన్నా, గడ్డకట్టే చలి లేనిచోట, డిస్టిల్డ్ వాటర్ మేలు. పొరపాటున కలిస్తే కంగారక్కర్లేదు, రెండేళ్ళ సరుకనుకుని మార్చెయ్యడమే. చరిత్రే తెలియకపోతే వాదనలు అనవసరం, కొన్న వారమే మొత్తం తీసెయ్యడం. రేస్ ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళయితే అక్కడి నియమాలు ముందు చూసుకోండి. ఒలికితే రోడ్డు జారుతుందని చాలాచోట్ల గ్లైకాల్ రానివ్వరు.

ఆ పని చేసిన రోజు నాన్న గరాజ్‌లో కుర్చీ వేసుకుని చూస్తూ, "నీళ్ళు మార్చడానికి మూణ్ణెల్ల ఆలోచనా?" అన్నారు. సమాధానం చెప్పలేదు. బానెట్ లోపల ఒక టేపు ముక్క అంటించి, రకం, తారీఖు, మళ్ళీ మార్చాల్సిన సంవత్సరం రాశాను. నా తర్వాత కొనేవాడెవడో వాళ్ళ నాన్ననెక్కించుకుని ఆ కొండెక్కుతాడేమో, ఎవరు చెప్పొచ్చారు.