ఆరు సంకేతాల అక్షరం

“స్త్రీ” అన్న మాట కంటికి ఒక్కటే అక్షరం. యూనికోడు లెక్కలో మాత్రం ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఈ ఆరింటినీ ఒక రూపంగా కూర్చడానికి ఖతి ఒక్కటే చాలదు. ఖతిలో పొందుపరచిన సూత్రాలను చదివి అమలుపరచే ఉపకరణం మరొకటి ఉండాలి. విండోస్ ఎక్స్‌పీలో సంక్లిష్ట లిపుల సౌకర్యాన్ని విడిగా స్థాపించుకుని తెలుగు చదివిన మిత్రులకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. ఒత్తులు ఊడి, గుణింతాలు విడివడి కనిపించిన ఆనాటి జాలపుటలు మనమెవరమూ మరచిపోలేదు.

ఆ పాత జబ్బు ఇటీవల నాకు మరొకచోట ఎదురైంది. మా ఊరి గ్రంథాలయంలో సాయంత్రాలు కొందరు స్త్రీలు చదువు నేర్చుకుంటున్నారు. వారి గది గోడకు అంటించడానికి ఒక రేఖాపటం గీయాలనుకున్నాను. జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో స్త్రీల అక్షరాస్యత 1951లో 8.86 శాతం, 2001లో 53.67, 2011లో 64.63. ఆరు దశాబ్దాలుగా పైకి ఎగబాకిన ఆ గీతను, దాని పైన “స్త్రీల అక్షరాస్యత” అన్న పేరును వారు తామే చదువుకోవాలని నా కోరిక.

పటం గీయడానికి ఎంచుకున్నది మాట్‌ప్లాట్‌లిబ్. మూర్ఛరోగుల మెదడులోని విద్యుత్సంకేతాలను పరిశీలించే పనిలో ఉండగా జాన్ హంటర్ రూపొందించి, 2003లో లోకానికి ఉచితంగా అందించిన లైబ్రరీ ఇది. మొదటిసారి నా శీర్షిక ఉండవలసినచోట ఖాళీ పెట్టెలు వచ్చాయి. అది మామూలుగా వాడే డెజావు సాన్స్ ఖతిలో తెలుగు అక్షరాలు లేవు. పోతన ఖతిని చూపించాక పెట్టెలు పోయాయి గానీ, “స్త్రీ” ముక్కలైంది. నేను వాడిన కూర్పు ఒక్కొక్క సంకేతానికి ఒక్కొక్క బొమ్మను వరుసగా పేర్చుకుంటూ పోయింది. పెట్టె కనబడితే ఖతిలో అక్షరం లేదని, అక్షరం విరిగితే కూర్చే ఉపకరణం లేదని అర్థం. మొదటి జబ్బు మందు రెండవదానికి పనిచేయదు.

శీర్షికను ఇంగ్లీషులో పెట్టి ఊరుకోవచ్చునని ఒక మిత్రుడన్నాడు. విరిగిన ఒత్తును చూస్తే మనం కంప్యూటరును తిట్టుకుంటాం. నిరుడు గుణింతాలు నేర్చినామె అలా అనుకోదు. తనకే ఇంకా చదవడం రాలేదనుకుంటుంది. యంత్రానికి రాని ఒత్తుకు ఆమె ఎందుకు సిగ్గుపడాలి?

వెదకగా ఎంపీఎల్‌కైరో దొరికింది. మాట్‌ప్లాట్‌లిబ్ తరఫున గీసే పనిని కైరోకు, అక్షరాలు కూర్చే పనిని రక్మ్ అనే మరో చిన్న లైబ్రరీకి ఇది అప్పగిస్తుంది. అరబ్బీలో రక్మ్ అంటే రాత అనీ, అంకె అనీ అర్థాలున్నాయట. అంకెల పటం మీద రాతకు ఇంతకన్న తగిన పేరేముంటుంది!

దానిని మూలం నుంచి నిర్మించబోతే తెర నిండా దోషసందేశాలు. అట్టడుగు వరుస “విఫలమైంది” అంటుందే తప్ప ఎందుకో చెప్పదు. పైకి వెళ్ళి మొట్టమొదటి దోషాన్ని చదవాలి. పైథాన్.హెచ్ కనబడలేదని ఉంది అక్కడ. పైథాన్ నిక్షేపంగా నడుస్తూనే ఉంది. కంపైలరుకు కావలసిన హెడరు ఫైళ్ళే లేవు. ఉబుంటులో అవి పైథాన్3-డెవ్ అనే వేరే ప్యాకేజీలో ఉంటాయి. అది చేర్చాక కైరో హెడర్ల వంతు వచ్చింది. అవీ చేర్చాక, మూడవసారి నిర్మాణం సజావుగా ముగిసింది.

అయినా “స్త్రీ” ముక్కలుగానే ఉంది. ఈసారి ఏ దోషసందేశమూ లేదు. రక్మ్‌ను ఇది నిర్మాణవేళ కాక, నడిచేవేళ వెదుకుతుంది. దొరకకపోతే పేచీ పెట్టకుండా, ఒత్తుల సంగతి పట్టించుకోకుండా గీసేస్తుంది. కేకలు వేసే దోషం కన్న ఈ మౌనమే నన్ను ఎక్కువసేపు తిప్పింది. రక్మ్ ప్యాకేజీని చేర్చి మళ్ళీ నడిపించాను. గుడి దీర్ఘం సకారం తలకెక్కింది. తకార రకారాలు ఒత్తులై దాని కిందికి చేరాయి.

పటాన్ని గోడకు అంటించిన రోజున ఒకామె శీర్షికను వేలితో తడుముతూ, కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. తరువాత గీత వెంట వేలు పోనిచ్చి 2011 దగ్గర ఆగి, “మేం నేర్చుకున్నది దీని తరవాత గదయ్యా, మా చుక్క ఏదీ?” అని అడిగింది. 2021లో జరగవలసిన జనాభా లెక్కలు ఆ ఏడాది జరగలేదని చెప్పాను. వాటి కోసం కుడివైపున కొంత జాగా వదిలాను.