కొలువులో పాడుకోట

మన రాజమహేంద్రవరమున కోటగుమ్మమను తావు నెఱుగని గృహిణి యుండదు. గోదావరీ స్నానమునకు పోవువారును, బజారునకు పోవువారును ఆ పేరు చెప్పియే ఆటో నెక్కుదురు. దిగి చూచినచో కోటయు లేదు, గుమ్మమును లేదు; పేరు మాత్రము నిలిచినది. ఆ లేని కోటను సంక్రాంతి బొమ్మల కొలువులో నిలుపవలెనని మేము తలపెట్టితిమి. అది పాడుపడిన రూపమున నెట్లుండవలెనో విచారించిన సంగతులు సోదరీమణులకు పనికివచ్చునని యిట వ్రాయుచున్నాము.

కొలువు ఆడపిల్లల వేడుకయే. అయినను మా యింటి మగపిల్లలు కొండపల్లి అంబారీ ఏనుగును చూచి యుద్ధభూమి కావలెనని పట్టుపట్టిరి. ఇది వింతకోరిక కాదు. ప్రష్యా దేశమున రైస్విట్జు అను నాతడు నేలతీరును మార్చి యమర్చుకొనదగిన యుద్ధపుబల్ల నొకదానిని 1812లో తమ రాజునకు సమర్పించెను. ఆంగ్ల రచయిత వెల్సు 1913లో బొమ్మసిపాయిల యుద్ధములపై పుస్తకమే ప్రకటించెను.

పిల్లలు మొదట బొబ్బిలి యనిరి. 1757 జనవరిలో ఆ కోటలోని స్త్రీలును శిశువులును శత్రువుల చేజిక్కకుండ తమవారి చేతులలోనే మడిసిరి. పేరంటాండ్రు వచ్చి పసుపు కుంకుమలు పుచ్చుకొనుచోట దానిని పెట్టుటకు మా మనసొప్పలేదు. కావున 1758 డిసెంబరునాటి చందుర్తి యుద్ధమును నిశ్చయించితిమి. అందు ఫోర్డు అను ఆంగ్లసేనాని, విజయనగర ప్రభువగు ఆనంద గజపతిరాజుతో గూడి, కాన్‌ఫ్లాన్సు నడపిన ఫ్రెంచిదండు నోడించెను. ఎత్తుగ నెదిగిన చేను తెల్లపటాలమును కప్పివేయగా, ఎఱ్ఱ అంగీలు తొడిగిన దేశీయ సిపాయిలనే ఫ్రెంచివారు తెల్లవారనుకొని మోసపోయిరి. ఓడినవారు పరుగెత్తి చేరినది మన యూరికే. పిదప గోదావరి దాటిపోయిరి. ఇక మా యాటలో గెలుపు చంపుటలో లేదు. తఱుమువారు వచ్చులోపల రేవు దాటుటలో నున్నది.

ఆడుటకు నిండుకోటకంటె పాడుకోటయే మేలు. నిండుగోడ వెనుకకు చేయి పోదు, బొమ్మ కానరాదు. పిల్లలు గీసిన పటములో విఱిగిన రాతిబురుజులును, సగము కూలిన కమానులును ఉండెను. అవి సీమపుస్తకముల సొమ్ము. కొండపల్లిలో రాతికోట కలదు గనుక నచ్చట చెల్లును. మనది మట్టికోట. మావారేమో నన్నయభట్టారకుడు భారతము నాంధ్రీకరించిన నాటి మేడలను కట్టుడని సలహా యిచ్చిరి. ఆ మేడల యెత్తెంతయో సెలవిచ్చిన వెంటనే మన్ను కలిపెదమంటిమి. ఆ మాట యంతటితో నాగినది.

రాతిగోడ విఱుగును, మట్టిగోడ కరగును. ఫిరంగిగుండు తగిలినను మెత్తనిగోడ దానిని మ్రింగునే గాని పెచ్చులుగ పగులదు. ఏ పల్లెలోనైనను తాటాకుకప్పు పోయిన మట్టిప్రహరీని చూడుడు. పైయంచు గుండ్రనై, నడుమ వానచాళ్లు పడి, మొదట మన్ను పేరుకొనియుండును. రాళ్లును ఇటుకలును పాడుపడినచో ఇరుగుపొరుగువారు తమ యిండ్లకు మోసికొందురు. మట్టి నెవరు మోయుదురు? కావున గోడ యెంత తగ్గించితిమో అంత మన్నును దాని పాదముననే పోయవలెను. కొంత కందకములోనికి జాఱవలెను. ఈ లెక్క తప్పినచో ఎంత నేర్పుగ చేసినను అది పాడుకోట కాదు, పగిలిన పెట్టె.

మా సిపాయిలు రెండేసి యంగుళములు. మూడు నిలువుల గోడయనిన ఆఱంగుళములు. పాడుచోట మూడు చాలును. లోపల పాతయిటుకలు పేర్చి, ఒండుమట్టిలో ఊక కలిపి మెత్తవలెను. ఊక లేనిచో ఎండి బీటలు వాఱును. చాళ్లను కత్తితో చెక్కరాదు. సగమాఱినపుడు చెంబుతో పైనుండి నీరు సన్నగ వదలినచో వానపని నీరే చేయును.

అంతయు విని మా పెద్దమ్మాయి, “అమ్మా, కోటలోనివారు అన్నము తినలేదా?” యని యడిగెను. ఆ ప్రశ్నకు మగపిల్లలయొద్ద సమాధానము లేదు. దిబ్బ నడుమ మసిబాఱిన పొయ్యిగడ్డయు, ఒక చిన్న రాతిరోలును పెట్టుటకు నిర్ణయమైనది. గోడలు కరగినను రోలు మిగులును గదా.

చందుర్తి చేనునకు రాగులు చల్లెదము. భోగినాటికి పచ్చగ లేవవలెనన్నచో పదిదినముల ముందే చల్లి, పూటపూటకు నీరు చిలుకరింపవలెను.