బాకీ ఉన్న టేపు

తణుకులో ఆ స్టూడియోకి ముప్ఫై ఏళ్ళు పైబడ్డాయి. ముందు గదిలో పాస్‌పోర్టు ఫొటోలు, వెనక గదిలో ఓ ఇనప బీరువా. 2024 కార్తీకమాసంలో ఓ మధ్యాహ్నం నలభై ఏళ్ళావిడ ఒకరు వచ్చారు. చేతిలో పెళ్ళి డి.వి.డి.

"బాబాయ్ గారూ, 2006లో మా పెళ్ళి వీడియో మీరే తీశారండి. ఇందులో మా నాన్న గారు మాట్లాడుతున్నారు. కానీ ఏం మాట్లాడుతున్నారో వినపడదు."

వినపడకపోవడానికి డి.వి.డి. పాడవలేదు. గీత కూడా పడలేదు. అప్పగింతల దగ్గర ఆయన పెదాలు కదులుతున్నాయి. పైన మాత్రం సినిమా పాట మోగుతోంది. ఆ రోజుల్లో పెళ్ళి వీడియో అంటే అంతే కదా! మంత్రాల దగ్గర, తాళి కట్టే దగ్గర అసలు శబ్దం ఉంచి, మిగతా చోట్ల పాటలు అతికించేవారు. జనం కూడా అదే కోరుకునేవారు. పాటలు తక్కువైతే 'మిక్సింగు బాగాలేదు' అని డబ్బు తగ్గించి ఇచ్చినవాళ్ళున్నారు.

ఆవిడ నాన్న గారు పోయి ఏడాదైంది. ఫొటోలు కావలసినన్ని ఉన్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఆయన స్మార్ట్‌ఫోన్ వాడలేదు, వాట్సాప్‌లో ఓ వాయిస్ మెసేజ్ అయినా పెట్టలేదు.

"ఆ పాట తీసెయ్యడం కుదురుతుందాండీ?" అని అడిగారావిడ.

కుదరదు. పాటా మాటా పక్కపక్కన పెట్టిన రెండు వస్తువులు కావు, విడదీయడానికి. మిక్సింగులో అసలు శబ్దాన్ని సున్నా చేసి, దాని స్థానంలో పాట పెట్టారు. ఆ గొంతు డి.వి.డి.లో లేనేలేదు. తీసేసింది ఎవరు? ఎదురుగా కూర్చున్న ఈయనే.

ఇక మిగిలింది అసలు టేపు. అదీ సాధారణంగా మిగలదు. మినీ డి.వి. టేపు ఒకటి కొంటే మూడు నాలుగు పెళ్ళిళ్ళకి తిప్పి తిప్పి వాడేవారు. ఒకరి అప్పగింతల మీద ఇంకొకరి స్నాతకం రికార్డయిపోయేది. అయినా బీరువా తీసి చూశారు. అడుగు అరలో రబ్బరు బ్యాండు వేసిన మూడు టేపులు. పైన చీటీ. ఇంటిపేరు, నెల, కింద 'బాకీ 1500'. పూర్తిగా డబ్బు ముట్టేదాకా టేపు మీద మళ్ళీ రికార్డు చేయకూడదని ఆయన పెట్టుకున్న నియమం. ఆ పదిహేను వందలు ఎందుకో రానేలేదు, ఆయనా అడగలేదు. అప్పు తీరి ఉంటే ఆ టేపు ఎప్పుడో చెరిగిపోయేది!

ఆయన చీటీ లాగి జేబులో పెట్టుకున్నారు. "ఓ వారం టైమివ్వమ్మా" అన్నారు.

టేపు ఉంది. అది తీసిన పేనసోనిక్ ఎం.డి. 10000 కెమెరా కూడా బ్యాగులో ఉంది. భుజం మీద పెట్టుకునే ఆ పెద్ద కెమెరా లేని పెళ్ళి ఆ రోజుల్లో అరుదు. బ్యాటరీ చచ్చిపోయినా అడాప్టరు పెడితే లేచింది. పది సెకన్లు తిప్పి చూశారు. బొమ్మ వచ్చింది. వెంటనే ఆపేశారు. పద్దెనిమిదేళ్ళ టేపు, ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పలేం. తిప్పితే ఒక్కసారే తిప్పాలి, ఆ ఒక్కసారికీ కంప్యూటరులోకి ఎక్కిపోవాలి.

అక్కడే చిక్కు వచ్చింది. అప్పట్లో క్యాప్చరింగ్ చేసిన విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరు మదర్‌బోర్డు కాలిపోయి ఎన్నో ఏళ్ళైంది. అందులోని క్యాప్చర్ కార్డు కొత్త కంప్యూటరులో పట్టదు. దాని సీడీ వేస్తే 'ఈ విండోస్‌కి పనిచేయదు' అని ఓ ముక్క చెప్పి ఊరుకుంది. ఆ కార్డు కంపెనీ కొత్త డ్రైవరు రాయడం మానేసి చాలాకాలమైంది.

డ్రైవరంటే దుబాసీ అనుకోవచ్చు. కెమెరా మాట్లాడే భాష ఒకటి, కంప్యూటరుకి అర్థమయ్యేది ఒకటి. మధ్యలో నిలబడి ఇటుది అటు చెప్పేది డ్రైవరు. పాత ప్రోగ్రాములు చాలావరకు కొత్త విండోస్‌లోనూ ఎలాగోలా నడుస్తాయి. 32 బిట్ల ప్రోగ్రాముని 64 బిట్ల విండోస్ రానిస్తుంది. దుబాసీని మాత్రం రానివ్వదు. 64 బిట్ల కొలువులో 64 బిట్ల దుబాసీయే ఉండాలి, అతని దగ్గర సంతకం చేసిన గుర్తింపు పత్రం కూడా ఉండాలి. పాత కెమెరాలు, స్కానర్లు మూలపడిపోయేది ఎక్కువగా ఇక్కడే. వస్తువు బాగానే ఉంటుంది, దాని మాట చెప్పే మనిషే ఉండడు.

స్టూడియో ఆయన అన్న కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు.

"బాబాయ్, టీవీకి పెట్టే ఏవీ కేబులుంటుంది కదా. దానికో యు.ఎస్.బి. డాంగిల్ తగిలిస్తే రికార్డయిపోతుంది. ఐదు నిమిషాల పని."

"ఒరే, టేపులో ఉన్నది డిజిటల్‌రా. దాన్ని అనలాగ్ చేసి, మళ్ళీ డిజిటల్ చేస్తే ఏం మిగుల్తుంది? ఉన్నదున్నట్టు రావాలి."

ఆయన పట్టుదల అర్థం లేనిదేం కాదు. డి.వి. పద్ధతిలో బొమ్మని కుదించి రాస్తారు గానీ శబ్దాన్ని కుదించరు. ఆ మనిషి గొంతు మైకులో పడింది పడినట్టే టేపు మీద ఉంటుంది. ఆ అంకెల్ని అలాగే దింపుకోవడానికి ఒకటే దారి, ఫైర్‌వైర్ తీగ. 1995లో ఐ.ఇ.ఇ.ఇ. 1394 పేరుతో ప్రమాణమైంది. ఫైర్‌వైర్ అన్నది ఆపిల్ పెట్టిన పేరు, సోనీ వాళ్ళు ఐ-లింక్ అన్నారు. ఇప్పటి కంప్యూటర్లకి ఆ రంధ్రమే ఉండదు.

ఆన్‌లైన్‌లో వెతికితే ఓ చిన్న ముక్క దొరికింది. ఒక చివర ఫైర్‌వైర్, రెండో చివర యు.ఎస్.బి. తెప్పించి పెట్టారు. ఏమీ జరగలేదు. జరగదు కూడా. రెండింటికీ తేడా మూతి ఆకారంలో ఒక్కటే అయితే సరిపోయేది. మాట్లాడే పద్ధతే వేరు. అలాంటి ముక్కలు కొని మోసపోయినవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు, ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు.

చివరికి కంప్యూటరు లోపల బిగించే ఫైర్‌వైర్ కార్డే తెప్పించారు. విండోస్ 10 దాన్ని గుర్తుపట్టింది. కెమెరా పేరు ఓసారి కనిపించి మాయమైంది. మళ్ళీ కనిపించింది. మళ్ళీ పోయింది. కార్డు తీసి వేరే స్లాటులో పెట్టి చూశారు. తీగ మార్చారు. రెండు రాత్రులు అలాగే గడిచాయి. ఇంట్లోవాళ్ళు అన్నానికి పిలిచి పిలిచి విసిగిపోయారు.

మూడో రోజు అన్న కొడుకు అసలు కీలకం పట్టుకున్నాడు. విండోస్ 7తో మైక్రోసాఫ్ట్ ఫైర్‌వైర్‌కి కొత్త డ్రైవరు రాసింది. పాతది 'లెగసీ' పేరుతో పక్కనే ఉంచింది. విండోస్ 8 వచ్చేసరికి ఆ పాతదాన్ని తీసేసింది. కొన్ని కెమెరాలకి, కార్డులకి కొత్తదానితో పొసగలేదు. అందుకని పాతదాన్ని విడిగా డౌన్‌లోడ్ చేసుకునేలా పెట్టింది. అదీ 64 బిట్లదే, సంతకం ఉన్నదే. కాకపోతే దింపుకుంటే చాలదు, డివైస్ మేనేజరులోకి వెళ్ళి, కంప్యూటరు ఎంపిక చేసుకున్నదాన్ని కాదని, జాబితాలోంచి లెగసీ అన్నదాన్ని మన చేత్తో ఎంచాలి. అంటే దుబాసీ ఎక్కడికీ పోలేదు. ఉద్యోగంలోంచి తీసేస్తే ఇంట్లో కూర్చున్నాడు. వెళ్ళి పిలవాలి, అంతే!

కెమెరా పేరు తెర మీద నిలబడింది.

ఇక దింపుకునే ప్రోగ్రాము. డబ్బు పెట్టి కొన్న పాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సీరియల్ నంబరు ఉన్నా తెరుచుకోలేదు. ఆ నంబరు నిజమో కాదో చెప్పాల్సిన సర్వరే ఇప్పుడు లేదు. అందరూ వాడిన విండోస్ మూవీ మేకర్‌ని మైక్రోసాఫ్ట్ 2017 జనవరిలో ఆపేసింది. ఆఖరికి ఆదుకున్నది విన్‌డీవీ అనే చిన్న ఉచిత ప్రోగ్రాము. పెట్ర్ మౌరెక్ అనే ఆయన రాశారు. 2003 తరవాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, లైసెన్సు అడగదు, ఎవరి సర్వరునీ సంప్రదించదు. ఒక కిటికీ, కొన్ని బొత్తాలు. ఎవరి అనుమతీ అక్కర్లేదు గనకే ఇరవై ఏళ్ళ తరవాత కూడా నడిచింది. కొనుక్కున్నది పోయి, ఊరికే వచ్చింది మిగిలింది.

టేపు దిగడానికి తొందరేమీ ఉండదు. గంట టేపుకి గంట పడుతుంది. పదమూడు జీబీల దాకా వస్తుంది. ఆ గంటసేపు ఆయన కుర్చీలోంచి లేవలేదు. పోయిన ఫ్రేములెన్నో చూపించే అంకె తెర మీద ఉంటుంది, దాని వంకే చూస్తూ కూర్చున్నారు. అది సున్నా దగ్గరే ఉంది. మధ్యలో పాస్‌పోర్టు ఫొటోకి వచ్చిన కుర్రాణ్ణి సాయంత్రం రమ్మని పంపేశారు.

విన్‌డీవీకి ఓ గుణం ఉంది. టేపు మీద కెమెరా రాసుకున్న తేదీ, సమయం చదివి, కెమెరా ఆగి మొదలైన ప్రతిచోటా కొత్త ఫైలు చేసి, ఆ సమయమే దానికి పేరుగా పెడుతుంది. ఫోల్డరులో వరసగా పడ్డాయి. '06-02-17_04-06'. ముహూర్తం తెల్లవారుజామున 4 గంటల 9 నిమిషాలకి. మూడు నిమిషాల ముందే కెమెరా ఆన్ చేసి నిలబడ్డారన్నమాట. అప్పగింతలు '10-42'లో ఉన్నాయి.

మర్నాడు ఆవిడ వచ్చారు. హెడ్‌ఫోన్లు ఇచ్చారు.

నాన్న గారు గొప్ప మాటలేమీ మాట్లాడలేదు. కూతురి చేతిని వియ్యపురాలి చేతిలో పెట్టి, అల్లుడి వైపు తిరిగి, "బాబూ, దీనికి పొద్దున్నే కాఫీ పడకపోతే తలనెప్పండి. అదొక్కటీ..." అన్నారు. తరవాతి మాట బాజాలో కలిసిపోయింది. కాసేపటికి కెమెరా వైపు చూసి, "ఏవయ్యా, ఆ లైటు కాస్త దించు, పిల్ల కళ్ళు మండుతున్నాయి" అన్నారు. బొమ్మ కొంచెం చీకటైంది. లైటు దించినట్టున్నారు.

ఆవిడ ఆ లైటు మాట దగ్గరికే వెనక్కి జరిపి నాలుగుసార్లు విన్నారు. తరవాత హెడ్‌ఫోన్లు తీసి ఆయన చేతిలో పెట్టారు. "మిమ్మల్నేనండి" అన్నారు. ఆయన విన్నారు. పద్దెనిమిదేళ్ళ కిందట తనతో అన్న మాటని తనే పాటతో కప్పేసిన సంగతి ఆయనకి గుర్తు లేదు.

అసలు ఫైళ్ళు ఓ హార్డ్‌డిస్కులోనూ, ఫోన్‌లో ఆడేలా చేసినవి పెన్‌డ్రైవులోనూ వేసిచ్చారు. ఎంతివ్వమంటారని ఆవిడ అడిగితే కార్డు ఖరీదు, హార్డ్‌డిస్కు ఖరీదు చెప్పారు. పాత చీటీ సంగతి ఎత్తలేదు.

ఈ దారి ఎన్నాళ్ళు తెరిచి ఉంటుందన్నది వేరే ప్రశ్న. 2025లో ఆపిల్ తన కొత్త మాక్ ఓఎస్ టాహోలో ఫైర్‌వైర్‌ని పూర్తిగా తీసేసింది. అదే ఏడాది అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. లినక్స్‌లో మాత్రం తకాషి సకమొటో అనే డెవలపరు 2023లో ఆ బాధ్యత తలకెత్తుకుని 2029 దాకా చూసే ఉద్దేశంతో ఉన్నారు. తణుకు స్టూడియోలో ఆ కంప్యూటరుని ఇంటర్నెట్ నుంచి విడదీసి, 'అప్‌డేట్ చెయ్యొద్దు' అని కాగితం అంటించారు. బీరువాలో ఇంకో నలభై టేపులున్నాయి. అన్నీ బాకీలవే. చీటీల మీద ఫోన్ నంబర్లు ల్యాండ్‌లైన్లవి, ఒక్కటీ మోగడం లేదు. రోజుకొకటి చొప్పున దింపుతున్నారాయన.