మోటుబట్టకు మెరుగు

కర్నూలు, కడప మెట్టప్రాంతపు తండాలలో లంబాడీ స్త్రీల సంప్రదాయ వస్త్రధారణ చూపరులను ఆకట్టుకుంటుంది. ఆ సొగసుకు మూలం మోటు నూలుబట్ట, మిగిలిపోయిన గుడ్డపేలికలు. పూర్వం ఎద్దులపై ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దేశమంతా సంచరించిన ఆ జనులకు చిన్న గుడ్డముక్క సైతం విలువైనదే. రంగు వెలిసిన ముక్క పక్కన ఎర్రని ముక్కను చేర్చి చూశారు. అతుకును కుట్టుపూలతో కప్పారు. వెలవెలపోయిన చోట అద్దాలు, గవ్వలు పొదిగారు. పలుచని బట్ట ఆ బరువుకు చిరిగిపోతుంది, మోటుబట్ట నిలుస్తుంది. లోపమనుకొన్న మోటుతనమే బలమైంది. ఈ విధంగా ఫేటియా అనే పావడా, కాంచళి అనే రవిక రూపుదిద్దుకొన్నాయి.

పొరుగున కర్ణాటకలోని సండూరు లంబాడీల కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. అయినను నేడు పలువురు యువతులు చీరలకు, చుడీదార్లకు మరలినారు. తల్లి చేతికుట్టు కూతురికి అందడం అరుదవుతున్నది. కుట్టిన పావడాను పెట్టెలో దాచవచ్చు. పనికిరాని పేలికలో పనికివచ్చే గుణాన్ని గుర్తించే నేర్పు మాత్రం తల్లి పక్కన కూర్చొని సూది పట్టిననాడే అలవడుతుంది.