వినుటయు, పలుకుటయు

తమిళ లిపిలో త, థ, ద, ధ లకు ఒక్కటే యక్షరము. కావున మన బాలబాలికలకు 'దార'కును 'ధార'కును గల భేదము కన్నులకంటె ముందు చెవులకు తెలియవలెను. 2006 నాటి చట్టముచే తమిళము అందరికిని తప్పనిసరి యైన పిమ్మట, తెలుగునకు మిగులు సమయము స్వల్పము. పొరుగురాష్ట్రమున శిక్షణ పొంది వచ్చిన మాకు, పాఠములు వినిపించుటయు, పెద్దల మాటలను రికార్డు చేసి యుంచుటయు ఆవశ్యకములని తోచినది. కోవిల్‌పట్టి చేరువనున్న ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు తెలుగింటివారే. వలస వచ్చిన తెలుగువారి కథను 'గోపల్ల గ్రామం' అను నవలగా తమిళమున వ్రాసిరి. అట్టి కథలు చెప్పెడి అవ్వల తెలుగు మాత్రము వారితోడనే పోవుచున్నది.

మా కంప్యూటర్లు లినక్సుతో నడచును. అది వెలలేనిది. ప్రభుత్వము 2011 మొదలు విద్యార్థులకు ఉచితముగా నొసగిన లాప్‌టాపులలో బాస్ లినక్సు ఉండెడిది గనుక కొందఱు తలిదండ్రులు దానిని చూచియే యుందురు.

ఇందు డ్రైవరనగా బండి తోలువాడు కాడు. యంత్రమునకును కర్నెలునకును నడుమ నుండు దుబాసి. (దుబాసి యొక్క విలువ మనకంటె నెవరికి తెలియును!) తొలుత ఓ.ఎస్.ఎస్. ఉండెను. చెక్ దేశీయుడగు యారొస్లావ్ కిసెలా 1998లో ఆరంభించిన అల్సా, 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కర్నెలుతో దాని స్థానము నాక్రమించినది. దానిపై పల్స్ ఆడియోయో, పైప్‌వైరో కూర్చుండి పలు ధ్వనులను కలిపి పంపును. శబ్దము రానప్పుడు ఈ పైవారిని మార్చుటకు తొందరపడువారు పెక్కురు. క్రిందివానినే ముందు పరీక్షింపవలెనని మా మతము. అల్సామిక్సరులో గడి క్రింద 'ఎం ఎం' అని కనబడినచో, ఎం మీట నొక్కిన చాలును.

క్రొత్త లాప్‌టాపుతో వచ్చిన చిక్కు వేఱు. స్పీకరు చక్కగా పలికెను గాని, మైకు జాడయే లేదు. అది డిజిటల్ మైకు. ఇంటెలు ప్రాసెసరులోని డీ.ఎస్.పీ. అను ధ్వని విభాగమునకు తగిలింపబడి యుండును. పాత హెచ్.డీ.ఏ. డ్రైవరునకు అది కనబడదు. 2018లో వెలువడిన సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేరునకు కనబడును; కాని డెబియనులో దాని ఫర్మ్‌వేరు ప్యాకేజీని ప్రత్యేకముగా వేసికొనవలెను. అది లేనిచో ఆ డ్రైవరు మొదలే కాదు. ఈ లాప్‌టాపులో అట్లే శబ్దము రాకపోగా, మరమ్మతు చేసినవారెవరో 'డీ.ఎస్.పీ. డ్రైవర్' అను అంశమునకు 1 అని వ్రాసి పాత డ్రైవరును నిలిపిరి. స్పీకరు బ్రతికెను, మైకు మూగవోయెను.

వినుటకు మాత్రమే యైనచో పాత డ్రైవరే చాలును. విరుదునగరములో పాఠములు వినిపించు పాత యంత్రమున దానినే యుంచితిమి. కోవిల్‌పట్టి అవ్వల యొద్దకు కొనిపోవుదానికి అది చాలదు. ప్యాకేజీ వేసి, 1 తీసి 3 వ్రాసి, మరల బూటు చేయగా మైకు పట్టికలోనికి వచ్చినది.

"మాది ఊరి తెలుగు, అయ్యవారూ, అది పుస్తకములోనికి ఎక్కునా?" అని ఒక అవ్వ యడిగినది. ఎక్కునని చెప్పి, ఆమె చెప్పిన పిచ్చుక కథను ధ, భ లతో సహా పట్టితిమి. ఇంట అవ్వయో, తాతయో కథలు చెప్పువా రున్న విద్యార్థులు మాకు తెలుపుడు. లాప్‌టాపును మేమే తెత్తుము.