వీసాలో ఒక గడి

2025 సెప్టెంబరు 20, శనివారం. ఆ పొద్దున మా హాస్టలు మెస్సులో ఉప్మా చల్లారిపోతున్నా బల్లల దగ్గర్నుంచి ఎవరూ లేవలేదు. ముందురోజు అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒక ప్రకటన మీద సంతకం చేశాడు. బయటి దేశం నుంచి కొత్తగా హెచ్-1బి వీసా మీద ఉద్యోగిని రప్పించుకోదలచిన యజమాని లక్ష డాలర్లు చెల్లించాలట! మన రూపాయల్లో దాదాపు 88 లక్షలు. ఎం.ఎస్. కోసం అప్పులు చేసి వెళ్ళిన అన్నలున్నవాళ్ళు కొందరు, తామే వెళ్దామని కలలు కంటున్నవాళ్ళు కొందరు. ఎవరి బాధ వారిది. వారం రోజులు పేపర్లలో, టీవీల్లో అదే మాట.

"నువ్వేందిరా, నోట్లె నీళ్ళు వోసుకున్నట్టు కూసున్నవ్?" అన్నాడు నా రూమ్మేటు.

ఏం చెప్పను? మా ఇంట్లోనూ వీసా అన్న మాట ఉంది. నాకు 'అ, ఆ'లు రాకముందు నుంచే ఉంది. కాని అది కంప్యూటర్లకు సంబంధించింది కాదు మిత్రులారా, గొర్రెలకు సంబంధించింది. ఆ కథే ఇక్కడ రాస్తున్నాను.

మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. శ్రీరాంసాగర్ కాలువ చివరి భూములు మావి. కాలువలో నీళ్ళొస్తే పంట, రాకపోతే బోరు. మా బాపు మూడు బోర్లు వేయించాడు. రెండింట్లో దుమ్ము లేచింది. మూడో దాంట్లో నీళ్ళు పడ్డాయి గాని, అవి అప్పు తీర్చేటన్ని నీళ్ళు కావు. 2008లో ఒక ఏజెంటు వచ్చి, సౌదీలో కంపెనీ పని, క్లీనింగు, కూలింగులో ఉండొచ్చు అన్నాడు. 75 వేలు అడిగాడు. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి కట్టాడు బాపు. అంటే నెలకు 2,250 రూపాయలు మిత్తికే పోవాలి. కాగితాలన్నీ ఏజెంటే చూసుకున్నాడు. వాటిలో ఏముందో బాపుకు తెలియదు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి. ఆ లిపి ఎటునుంచి ఎటు చదవాలో కూడా ఎరుగడు.

రియాద్‌లో విమానం దిగాక ఒక పికప్ బండిలో ఎక్కించి రాత్రంతా తీసుకుపోయారట. తెల్లారి చూస్తే కంపెనీ లేదు, క్లీనింగు లేదు. ఎడారి, ఒక గుడారం, రెండు వందల పైచిలుకు గొర్రెలు. పాస్‌పోర్టు కఫీల్ తీసుకున్నాడు. కఫీల్ అంటే పనికి పిలిపించుకున్న యజమాని, వీసాకు పూచీదారు. ఆయన ఒప్పుకోనిదే ఇంకో పనికి మారడానికి లేదు, దేశం విడిచి రావడానికీ లేదు. జీతం నెలకు 600 రియాళ్ళు అన్నారు. అప్పటి లెక్కన దాదాపు ఏడు వేలు. పద్నాలుగు నెలలు చేస్తే చేతికి వచ్చింది ఐదు నెలల జీతం.

ఒకనాటి రాత్రి బాపు నడిచి రోడ్డెక్కి, ఒక లారీ పట్టుకుని రియాద్ చేరాడు. కఫీల్ పనివాడు పారిపోయాడని ఫిర్యాదు రాయించాడు. దాన్ని అక్కడ 'హురూబ్' అంటారు. మా ఊళ్ళలో అలాంటి మనిషిని 'ఖల్లివెల్లి' అంటారు. ఖల్లివెల్లి అయినవాడికి దొరికిన కూలే పని, పోలీసు కనబడితే పరుగే. 2011లో మా బాపమ్మ పోయింది. కొడుకు వచ్చి కొరివి పెట్టలేకపోయాడు. చిన్నాయన పెట్టాడు. ఆ సంగతి బాపు ఇప్పటికీ నోటితో అనడు.

ఆ ఏడే సౌదీ ప్రభుత్వం 'నితాఖత్' అని ఒక కొత్త పద్ధతి తెచ్చింది. ప్రతి ప్రైవేటు కంపెనీలో సౌదీ పౌరులు ఎందరున్నారో లెక్కగట్టి, కంపెనీలకు ప్లాటినం, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని రంగులు పంచింది. ఎరుపులో పడ్డ కంపెనీకి కొత్తగా విదేశీ వీసాలు ఇవ్వరు. 2013లో తనిఖీలకు ముందు కాగితాలు సరిచేసుకోవడానికో, శిక్ష లేకుండా వెళ్ళిపోవడానికో నవంబరు 3 దాకా గడువు ఇచ్చారు. ఆ గడువులో వేలాది భారతీయులు తిరిగి వచ్చారు. వాళ్ళలో మా బాపు ఒకడు. పాస్‌పోర్టు లేదు కనుక మన ఎంబసీ ఇచ్చిన ఔట్‌పాస్ మీద, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచితో దిగాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. వాకిట్లో నిలబడ్డ ఆ నల్లటి మనిషిని చూసి అవ్వ కొంగు చాటుకు పోయాను. "బాపురా!" అని అవ్వ ఏడుస్తూ ముందుకు నెట్టింది.

ఇప్పుడు మాకు ఇరవై మేకలున్నాయి. పొద్దుగూకాక దొడ్లోకి తోలుతూ బాపు వాటిని లెక్కపెడతాడు. వాహద్, ఇత్నేన్, తలాతా, అర్బా, ఖమ్సా... అరబ్బీలోనే. తెలుగులో లెక్కపెట్టమంటే తప్పుతాడు. చిన్నప్పుడు నేనూ అన్నా అది విని నవ్వేవాళ్ళం. ఇప్పుడు నాకు నవ్వు రాదు.

2025 మే నెల. యాసంగి వడ్లు అమ్మిన పైసలు ఇంట్లో ఉన్నాయి. మా అన్నకు ఇరవై నాలుగేళ్ళు. పది పాసై ఆపేశాడు. సీజనులో హార్వెస్టరు తోలుతాడు, మిగతా రోజులు ఖాళీ. వాడికి సౌదీ వీసా వచ్చిందని పక్క ఊరి సబ్ ఏజెంటు ఇంటికొచ్చాడు. లక్షా నలభై వేలు. అన్న అప్పటికే 40 వేలు, పాస్‌పోర్టు ఇచ్చేశాడు. బాపు మొహం చూసి ఏజెంటు అన్న మాటలు నాకు బాగా జ్ఞాపకం:

"గప్పటి కథ వేరు బాపూ. ఇప్పుడు రూల్సు మారినయ్. కఫీల్ గిఫీల్ లేదు. ఏడాది చేసినంక నచ్చిన కంపెనీల చేరచ్చు, ఎవ్వన్ని అడిగే పని లేదు. నీ చిన్నకొడుకు సదువుకున్నోడే గద, అడుగు!"

అందరూ నా వైపు చూశారు. నేను సెలవులకు ఇంటికొచ్చి ఉన్నాను. సెల్‌ఫోనులో వెదికాను. అతను చెప్పింది అబద్ధం కాదు! 2021 మార్చి 14 నుంచి సౌదీలో కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఒప్పందంలో ఏడాది పూర్తయితే, ముందుగా నోటీసు ఇచ్చి, పాత యజమాని అనుమతి లేకుండానే ఇంకో యజమాని దగ్గరకు మారవచ్చు. సెలవు మీద దేశం దాటి వచ్చిపోవడానికీ యజమాని సంతకం అక్కర్లేదు. నేను చదివి వినిపిస్తే అన్న మొహం వెలిగిపోయింది. బాపు మాత్రం ఏమీ అనకుండా దొడ్డివైపు వెళ్ళిపోయాడు.

నాకెందుకో మనసొప్పలేదు. వీసా కాగితం నకలు ఒకటి నా దగ్గర పెట్టుకున్నాను. అదంతా అరబ్బీలో ఉంది. కాలేజీకి వచ్చాక ఉర్దూ సార్ దగ్గరకు వెళ్ళాను. నేను సైన్సు విద్యార్థిని. ఆయనతో అంతకుముందు పలికిన పరిచయం కూడా లేదు. "కూర్చో బేటా" అని కళ్ళద్దాలు సవరించుకుని, వేలు పెట్టి ఒక్కొక్క గడీ చదివారు. పేరు, దేశం, మతం, పాస్‌పోర్టు నంబరు. వృత్తి అన్న గడి దగ్గర వేలు ఆగింది.

"మీ అన్న ఏం పనికి పోతున్నాడన్నావు?"

"కంపెనీల డ్రైవరు పని అన్నరు సార్."

"ఇక్కడ 'రాయీ' అని ఉంది. రాయీ అంటే చర్వాహా. గొర్రెల కాపరి."

ఆ సాయంత్రం బాపుకు ఫోను చేసి ఆ మాట చెప్పాను. చాలాసేపు అటునుంచి చప్పుడు లేదు. తరువాత అన్నాడు: "గదే మాట కొడుకా. నా అకామల గూడ గదే ఉండె. రాయీ, రాయీ అని పిలిచెటోల్లు. నా పేరే గదేమో అన్నట్టు."

ఆ రాత్రి ఆ 2021 నిబంధనలను మళ్ళీ చదివాను. ఈసారి చివరి దాకా చదివాను. అవి ఎవరికి వర్తించవో కూడా అక్కడే ఉంది. సొంత కారు డ్రైవర్లు, ఇంటి కాపలాదారులు, ఇంటి పనివారు, గొర్రెల కాపరులు, తోటమాలులు, చిన్న సేద్యపు కూలీలు. వీళ్ళు కార్మిక చట్టం కిందికే రారు. వీళ్ళకు ఆ కొత్త స్వేచ్ఛ లేదు. ఆలోచించండి మిత్రులారా! మా ఊళ్ళ నుంచి పోయే మొరటు పనులు సగం ఆ వరుసలోనే ఉన్నాయి. చట్టం మారింది నిజమే. అది మా బాపు నిలబడ్డ గుడారం దాకా రాలేదు, అంతే. నేను మేలో సగం చదివి, ఇంట్లో అందరి ముందూ సరేనన్నాను. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

ఇంటర్‌లో బాయిల్ నియమం చదువుకున్నాం. పీడనం పెరిగితే వాయువు ఘనపరిమాణం తగ్గుతుంది. అయితే ఉష్ణోగ్రత స్థిరంగా ఉండాలి. ఆ 'అయితే' రాయకపోతే మా ఫిజిక్సు సార్ మార్కులు కోసేవారు. అక్కడ పోయేది ఒక మార్కే. బతుకులో ఆ 'అయితే' వదిలేస్తే ఏళ్ళకేళ్ళు పోతాయి.

అందరినీ కలుపుకునే చట్టం చేయడం కుదరదా అంటే, కుదురుతుంది. ఖతార్ 2020లో చేసిన చట్టంతో యజమాని నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చే పని పోయింది. 2021 మార్చి నుంచి కనీస జీతం నెలకు 1,000 రియాళ్ళు; తిండికి, వసతికి యజమాని చూడకపోతే 300, 500 అదనం. అది ఇంట్లో పాచిపని చేసేవారికీ వర్తిస్తుంది. అక్కడ కాగితం మీదిదంతా అమలవుతోందని నేననను. కాగితం మీద కూడా లేనివాడు ఫిర్యాదు చేయడానికైనా ఎక్కడికి పోతాడు?

మన దేశపు చట్టంలోనూ ఒక చిత్రం ఉంది. 1983 వలస చట్టం ప్రకారం, పది పాసు కానివారు గల్ఫు సహా 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. వాళ్ళకు 10 లక్షల బీమా కూడా తప్పనిసరి. పది పాసైతే ఈ అనుమతి అక్కర్లేదు. చదువుకున్నవాడు, తన కాగితాలు తాను చూసుకోగలడని సర్కారు నమ్మకం! మా అన్న పది పాసయ్యాడు. అరబ్బీలో ఒక్క అక్షరం రాదు. వాడి సర్టిఫికెట్టే వాడికి ఉన్న కాస్త కాపలానూ తీసేసింది. ఇంకో మాట. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన రుసుము 30 వేలు, దాని మీద 18 శాతం జి.ఎస్.టి. అంటే 35,400 రూపాయలు. మా ఇంట్లో అడిగింది లక్షా నలభై వేలు. రసీదు అడిగితే, "నమ్మకం లేకుంటే ఎట్ల?" అన్నాడు.

నలుగురు పెద్దమనుషులను వెంటబెట్టుకుని బాపు రెండు రోజులు ఆ ఏజెంటు ఇంటిముందు కూర్చున్నాడు. పాస్‌పోర్టు వచ్చింది. 40 వేలలో 25 వేలు వచ్చాయి. తక్కినవి ఖర్చులయ్యాయట.

నేను గెలిచానా? అన్న నాతో మాట్లాడడం మానేశాడు. ఒక్కసారి మాత్రం అన్నాడు: "నువ్వు హాస్టల్ల ఫ్యాను కింద కూసోని వీసా మంచిది కాదంటవ్. మంచి వీసా యాడున్నదో నువ్వే చూపెట్టు." దానికి నా దగ్గర జవాబు లేదు. నా మొదటి ఏడు హాస్టలు ఫీజు దుబాయిలో ఉన్న మా మేనమామ పంపినదే. మా వాడకట్టులో స్లాబు ఇండ్లన్నీ గల్ఫు పైసలతో లేచినవే. పోవద్దని చెప్పే హక్కు నాకు ఎక్కడిది? ఏ పనికి, ఏ షరతుల మీద పోతున్నాడో తెలిసి పొమ్మనడం ఒక్కటే నేను చేయగలను.

అందుకే తోటి విద్యార్థులకు నా మనవి. అమెరికా ప్రకటన వస్తే మనం రాత్రికి రాత్రి ప్రతి వాక్యం చదివేశాం. అదే శ్రద్ధతో మన ఊరివాళ్ళ కాగితాలు కూడా చదువుదాం. అరబ్బీ చదవగల ఉర్దూ సార్ మన కాలేజీలోనే ఉన్నారు. అడిగితే కాదనరు. ఇంటికి పోయినప్పుడు నాలుగు వీసాలు వెంట తెద్దాం. ముందుగా ఆ వృత్తి గడి చదివిద్దాం.

మొన్న దసరాకు ఊరికి పోయాను. జమ్మి చేతిలో పెట్టి అన్న అలాయ్ బలాయ్ ఇచ్చాడు, అయినా మాట కలపలేదు. తిరిగి బస్సెక్కేటప్పుడు మాత్రం స్టాండు దాకా వచ్చాడు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. ఇంకో వీసా నకలు. ఒక గడి చుట్టూ పెన్నుతో సున్న చుట్టి ఉంది.

"తమ్మీ, గీన్ల ఏమున్నదో జెర మీ సార్‌ను అడిగి చెప్పు. పైసలు ఇంకా ఇయ్యలే."

— బి.ఎస్సి. మూడవ సంవత్సరం విద్యార్థి